ఏడో గడి

లేదు సార్, ఆ కుర్చీలో మాత్రం కూర్చోకూడదు. తాడు కట్టింది అందుకే.

మీ కుర్చీయే, కాదన్నదెవరు? కింద పలక మీద రాసే ఉంది కదా, 'ఏడో అధ్యక్షుల వారు పదకొండు నెలలు వాడిన కుర్చీ' అని. వాడిన మనిషే వచ్చినా సరే, ఇప్పుడది మ్యూజియం సొత్తు. దాని దుమ్ము దులపాలంటే నేనే రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఇక కూర్చోనిచ్చానని తెలిస్తే డైరెక్టరు గారు నా తాట తీస్తారు.

ఇదిగో, ఇందులో కూర్చోండి. పిల్లల కుర్చీ, మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, ఏం చెయ్యమంటారు. కర్ర ఇలా ఇవ్వండి, గోడకి ఆనిస్తాను. కాసిని మంచినీళ్ళు తాగండి. తొంభై దాటిన మనిషి ఆ ఎండలో వరండాలో ఒంటికాలి మీద నిలబడితే ఎలా చెప్పండి.

అయ్యో, గుర్తు పట్టకేం. గేటు దగ్గర టికెట్లిచ్చే ఆయన పట్టలేదు, అది నిజమే. 'పెద్దవాళ్ళకి సగం టికెట్టు' అని చేతిలో పెట్టి పంపించాడు. గోడ మీద మీ నిలువెత్తు ఫోటో ఉంది, రోజూ దాని కింద నుంచే అన్నానికి వెళ్తాడు. అయినా ఆయన్నని ఏం లాభం లెండి. నలభై అయిదేళ్ళ కిందటి ఫోటో. అందులో మీకు జుట్టుంది.

నేను మాత్రం మీరు మెట్లెక్కుతుండగానే పట్టేశాను. మీ ఎడమ కనుబొమ కాస్త పైకుంటుంది. ఆ కనుబొమ నాకు పదేళ్ళప్పటి నుంచీ తెలుసు. ఎలా తెలుసో తర్వాత చెప్తాను.

పిల్లలు అలా అరిచారని మనసులో పెట్టుకోకండి. మీరెవరో వాళ్ళకేం తెలుసు? ఎవరో తాత వచ్చి తొక్కుడుబిళ్ళ గడుల్లో నిలబడ్డాడు, బూటు గీత మీద పడింది, 'తాతా, అవుట్' అన్నారు. గీత తొక్కితే ఎవరైనా అవుటే. మొన్న మా డైరెక్టరు గారినీ అన్నారు. ఆయన వాదించబోయారు కూడా, సాగనివ్వలేదు.

కాకపోతే మీరు నిలబడింది మీ గడిలోనే. అదే కాస్త, చూడ్డానికి నాకే బాగుండలేదు. అందుకే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేశాను.

ఆ? కొంచెం గట్టిగా చెప్పండి. బయట గెంతులు కదా, ఒక్క ముక్క వినపడదు.

మీ గడి ఎందుకంత సన్నగా ఉందంటారా.

కొలత సార్. కొలత ప్రకారం గీసింది అది.

ఈ మ్యూజియానికి ఒకప్పుడు పిల్లలు వచ్చేవాళ్ళే కాదు. స్కూలు వాళ్ళు బస్సులో తెచ్చి దింపితే, ఫోటో ఫోటోకీ ఆవలించి, బయట కుళాయి దగ్గర నీళ్ళు చల్లుకుని పోయేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళ కిందట అప్పటి డైరెక్టరు గారు అందర్నీ పిలిచి, 'ఏదన్నా ఉపాయం చెప్పండర్రా' అన్నారు. చదువుకున్నవాళ్ళంతా నీళ్ళు నమిలారు. నేనప్పుడు ఇక్కడ ఊడ్చి తుడిచే మనిషిని. చరిత్ర చదివినదాన్ని కాదు, కానీ రోజూ ఆ ఫోటోలన్నీ తుడుస్తాను కదా, ఎవరి తర్వాత ఎవరో చేతికే తెలుసు. 'తొక్కుడుబిళ్ళ గీద్దామండీ' అన్నాను.

ఒక్కో అధ్యక్షుడికి ఒక్కో గడి. ఎన్నేళ్ళు ఏలితే అంత పొడవు. ఏడాదికి ఆరంగుళాలు. మొదటాయన ఎనిమిదేళ్ళున్నారు, నాలుగడుగుల గడి, అందులో పిల్లలు రెండు గెంతులు వేస్తారు. మూడో ఆయన నాలుగేళ్ళు, రెండడుగులు. అప్పటికి పన్నెండు మందే, తర్వాత ఇద్దరు చేరారు. ఇప్పుడున్నాయనకి ఏటా వేసవి సెలవుల్లో ఆరంగుళాలు కలుపుతాను. ఆయన దిగిపోయేదాకా నాకీ పని తప్పదు.

మీరు పదకొండు నెలలు. అయిదున్నర అంగుళాలు వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల పాదం ఏడున్నర అంగుళాలుంటుంది సార్. ఎటు పెట్టినా గీత తొక్కుతుంది.

అడ్డంగా పెట్టొచ్చు, మీరన్నది నిజమే. పెట్టేవాళ్ళు. పెట్టి బోర్లా పడేవాళ్ళు. ముగ్గురికి మూతిపళ్ళు ఊడాక, కాలు అడ్డం తిప్పితే అవుట్ అని నేనే రూలు పెట్టాను. ఇక పిల్లలేం చేస్తారు? ఆరులోంచి ఎనిమిదిలోకి దూకుతారు.

దూకితే దూకారు, మరి ఆటలో ఇంకో సంగతుంది. కాలు పెట్టిన గడి పేరు గట్టిగా చెప్పాలి. 'అయిదు మీసాలాయన, ఆరు గొడుగాయన, ఎనిమిది ఈలాయన' ఇలా. ఎనిమిదో ఆయన కుక్కని పిలవడానికి ఈల వేసేవారట, అక్కడ అందరూ ఒక ఈల వెయ్యాలి. కాలు పెట్టని గడికి పేరెవరు చెప్తారు చెప్పండి.

డైరెక్టరు గారు టేపు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి కొలిచారు. 'ఒక్క నూలు తేడా లేదమ్మా' అని నన్ను ఊడ్చే పనిలోంచి తీసి పిల్లల గదికి వేశారు. అప్పట్నుంచీ నేను గడులత్తని. అసలు పేరు జీతం రోజున తప్ప నాకే గుర్తుండదు.

ఒక్క తొక్కుడుబిళ్ళే కాదులెండి. టోపీల పెట్టె ఉంది, ఏ టోపీ ఎవరిదో చెప్పాలి. చిన్నప్పటి ఫోటోకీ పెద్దయ్యాక ఫోటోకీ జత కలిపే ఆట ఉంది. అందులో మీరున్నారు. మిమ్మల్ని ఎప్పుడూ ఈలాయన చిన్నప్పటి ఫోటోతో కలుపుతారు, అది వేరే సంగతి.

ఇంకొకటి మనం కూర్చున్న ఈ గది. సంతకాల గది అంటాం. ఆ బల్ల, ఆ కలం, ఆ సిరాబుడ్డీ, అంతా అధ్యక్షుల ఆఫీసుకి నకలు. పిల్ల కూర్చుని ఒక ఆర్డరు రాసి సంతకం పెట్టాలి. ఆ పూటకి తనే అధ్యక్షురాలు. ఒక్కటే రూలు, గోడ మీద నేనే రాసిపెట్టాను చూడండి. ఆ ఆర్డరు వల్ల ఎవరికి ఇబ్బందో ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, చదివి వినిపించి, 'మీకేమైనా ఇబ్బందా' అని అడగాలి. అడిగాకే సంతకం.

పోయిన వారం ఒకడు 'చిన్నతమ్ముణ్ణి హాస్టల్లో వెయ్యాలి' అని రాశాడు. తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి చదివాడు. వాడు కుర్చీ దిగి వచ్చి అన్న ఒళ్ళో ఎక్కి కూర్చున్నాడు. వీడు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. ఇంకో పిల్ల ఆదివారం స్నానాలు రద్దు చేసింది. వాళ్ళమ్మ ఎదురుగా కూర్చుని పూర్తిగా విని, 'ఇబ్బందే' అంది. అంతే, ఆర్డరు పోయింది.

ఈ రూలు నాకెక్కడ తట్టిందంటారా? అదీ తర్వాతే చెప్తాను. అన్నీ తర్వాతే చెప్తానంటున్నానని చూస్తున్నారు కదూ. నా తీరే అంత.

ఇంతకీ మీరొచ్చిన పనేమిటో చెప్పనేలేదు.

ఎవరూ, ఆ రెండు జడల పిల్లా? మోకాలికి కట్టు ఉంది, ఆ పిల్లేనా? మీ మునిమనవరాలా.

పొద్దున్నించీ చూస్తున్నాను సార్ ఆ పిల్లని. అందరూ ఆరు నుంచి ఎనిమిదికి దూకుతుంటే తనొక్కతే ఏడులో కాలు పెడుతోంది. పెట్టడం, అవుటవడం, మాట్లాడకుండా వరస చివరికెళ్ళి నిలబడడం. మళ్ళీ వంతు రావడం, మళ్ళీ ఏడులో కాలు పెట్టడం. తొమ్మిదిసార్లు అయింది. మొండిఘటం అనుకున్నాను. ఎవరి పిల్లో అని అనుకోలేదు.

చెప్పండి. వింటున్నాను.

కొత్త స్కూలా. ఈ ఏడే చేరిందా. 'మా ముత్తాత అధ్యక్షుడు' అని క్లాసులో చెప్పింది. చెప్పకేం, నిజమే కదా. టీచరు ఏమంది? ఏ నంబరమ్మా అంది. ఏడు అంది. అప్పుడు క్లాసంతా లేచి నిలబడి నా వరస అప్పజెప్పారు. 'ఆరు గొడుగాయన, ఎనిమిది ఈలాయన.' ఏడు లేదు. టీచరు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, లేదమ్మా అంది.

ఆ టీచరమ్మ నాకు తెలుసు సార్. ఆ పిల్లా నా గడుల్లో గెంతి పెరిగిందే. ఊళ్ళో పాతికేళ్ళ లోపు వాళ్ళందరూ అంతే.

పుస్తకంలో ఉన్నారు కదా మీరు? ఉన్నారు, ఆరో పాఠం చివర రెండు లైన్లు. అవి పరీక్షకి రావు. పరీక్షకి రానిది ఎవరు చదువుతారు? కంఠతా వచ్చిందే నమ్ముతారు, కాళ్ళతో నేర్చుకున్నది అసలు పోదు.

అప్పట్నుంచీ కోతలరాణి అంటున్నారా. ఆ మోకాలు... అక్కడే తగిలిందా. తోశారా, తనే మీద పడిందా? తనే పడిందీ. ఆ, ఆ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

సోమవారం ఆ క్లాసు ఇక్కడికి వస్తోందా? వస్తోంది, నిజమే, మా బుకింగు పుస్తకంలో రాసి ఉంది, ముప్పై ఎనిమిది మంది.

అందుకని మీకేం కావాలి నా నుంచి?

చీటీనా.

సరిగ్గా విన్నానో లేదో మళ్ళీ చెప్పండి. ఏడో అధ్యక్షుడు అనే మనిషి ఒకరు ఉండేవారని, మ్యూజియం కాగితం మీద నేను రాసి, ముద్ర వేసి ఇవ్వాలి. ఆ పిల్ల దాన్ని టీచరుకి చూపిస్తుంది. అంతేనా? గడి పెంచమని కాదు, డైరెక్టరుకి ఫిర్యాదు కాదు. చీటీ చాలు.

నేను నవ్వలేదు సార్. నా మొహమే అంత. దేశాన్ని ఏలినాయన వచ్చి, నేను ఉండేవాణ్ణని ఒక చీటీ రాసివ్వమ్మా అని పిల్లల గది మనిషిని అడిగితే, ఎలా మొహం పెట్టాలో నాకు తెలీదు.

రాస్తాను. దానిదేముంది. ఇదిగో కాగితం, ఇదిగో కలం. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా...'

ఏమనగా.

చెయ్యి సాగడం లేదు సార్. కలం బాగానే ఉంది, చెయ్యే. ముందు మీకొక సంగతి చెప్పాలి. విన్నాక కూడా నా చేత్తోనే చీటీ కావాలంటే, అప్పుడు రాస్తాను.

మా నాన్న రైల్వేలో చేశాడు. స్టేషను మాస్టరు అనుకునేరు, అంత భోగం కాదు. రోజుకి రెండు పాసింజరు బళ్ళు ఆగే చిన్న స్టేషను. టికెట్టిచ్చేదీ ఆయనే, గంట కొట్టేదీ ఆయనే, జెండా ఊపేదీ ఆయనే, ప్లాట్‌ఫారం ఊడ్చేదీ ఆయనే. ఒక గది, ఒక వంటిల్లు, ఒక బెంచీ, ఒక గడియారం. అమ్మ నా పురిట్లోనే పోయింది. అక్షరాలు నేను ఆ బెంచీ మీదే నేర్చుకున్నాను, పాత టికెట్ల వెనకాల రాసి. ఉన్నది మేమిద్దరమే. బండి వచ్చినప్పుడు మాత్రం ఊరంతా మా ఇంటికొచ్చినట్టుండేది.

గోడ మీద మీ ఫోటో ఉండేది. ప్రతి ఆఫీసులోనూ ఉండాలి కదా, మాదీ ఆఫీసే. కొత్త ఫోటో వచ్చిన రోజు నాన్న దాన్ని మేకుకి తగిలించి, నాలుగడుగులు వెనక్కి నడిచి చూసి, 'చిన్నవాడు, చురుగ్గా ఉన్నాడు, ఏదో ఒకటి చేస్తాడు' అన్నాడు.

చేశారు. నాలుగు నెలలకి కాగితం వచ్చింది. నలభై ఒక్క చిన్న స్టేషన్లలో ఇక బళ్ళు ఆగవు. అవన్నీ ఎత్తేస్తే పెద్ద ఊళ్ళ మధ్య ప్రయాణంలో ఇరవై నిమిషాలు కలిసొస్తాయట. కింద మీ సంతకం.

ఇద్దరు మనుషులొచ్చి జాబితా చూసుకుంటూ గడియారం తీసుకుపోయారు, గంట తీసుకుపోయారు, బెంచీ తీసుకుపోయారు. మీ ఫోటో వాళ్ళ జాబితాలో లేదు. వదిలేశారు. నాన్న దాన్ని చంకలో పెట్టుకుని, మేము అద్దెకి దిగిన గదికి తెచ్చి గోడకి కొట్టాడు. ఆ గదిలో ఇంకేం లేదు గోడకి. మీ కనుబొమ కిందే నేను అన్నం తిన్నాను, లెక్కలు చేసుకున్నాను, పెద్దమనిషినయ్యాను.

ఆయనకి వేరే పని ఇచ్చారు, మూటలు తూకం వేసే పని. రోజూ పొద్దున్న దానికి వెళ్ళే ముందు యూనిఫాం వేసుకుని, పాత ప్లాట్‌ఫారం మీదకి పోయి, పచ్చజెండా పట్టుకుని నిలబడేవాడు. ఎవరూ నిలబడమనలేదు. మొదట్లో డ్రైవర్లు చెయ్యి ఊపేవాళ్ళు. కొత్త డ్రైవర్లు వచ్చాక అదీ లేదు. బండి ఆగకుండా పోయేటప్పుడు ఆ గాలి ఎలా కొడుతుందో మీకు తెలీదు సార్. టోపీ పట్టుకుని నిలబడాలి.

మూడేళ్ళు అలా నిలబడ్డాడు. నాలుగో ఏడు పోయాడు.

ఒక్కనాడు మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. నేను అంటే నోరు నొక్కేవాడు. 'ఆయన చదివుండడే. ఎవరో కట్ట కట్టి ముందు పెట్టుంటారు. మన స్టేషను పేరు చదివుంటే కలం ఆపేవాడు. ఇదెక్కడ, ఇక్కడెవరుంటారు, వాళ్ళకి ఇబ్బందేమో అని అడిగేవాడు' అనేవాడు. మీ మీద అంత నమ్మకం. నాకు ఒళ్ళు మండిపోయేది.

గోడ మీద ఆ రూలు ఎక్కడిదో తెలిసింది కదా ఇప్పుడు.

అందుకని ఒక్క మాట అడుగుతాను. నలభై అయిదేళ్ళుగా ఇంకెవర్నీ అడగలేని మాట. మీరు అది చదివారా?

తొందరేం లేదు. నీళ్ళు తాగి చెప్పండి.

ఏ ఆర్డరా?

రైళ్ళది సార్. ఇప్పుడు చెప్పిందే. చిన్న స్టేషన్లు ఎత్తేసిన ఆర్డరు. పక్క గదిలో రెండో అద్దాల బీరువాలో ఉంది, అచ్చంగా మీ సంతకమే.

అది గుర్తు లేదా. చదివారో లేదో కాదు, అసలలాంటిది ఒకటి పెట్టినట్టే గుర్తు లేదా.

ఊరుకోండి, బుర్ర బద్దలు కొట్టుకోకండి. మీరు అబద్ధం చెప్పడం లేదు, తెలుస్తూనే ఉంది. చదివాను అంటారేమో, అప్పుడు కడిగిపారేద్దాం అనుకున్నాను. చదవలేదు అంటారేమో, అప్పుడు మా నాన్న గెలిచాడు అనుకుందామనుకున్నాను. గుర్తు లేదు అంటే ఏం చెయ్యాలో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు.

మిమ్మల్ని పిల్లలు మర్చిపోయారని మీరొచ్చారు. మమ్మల్ని మీరు మర్చిపోయారని నేను ఎక్కడికి పోను?

సరే. మీరు నిజం చెప్పారు కాబట్టి నేనూ చెప్తాను. ఇది డైరెక్టరు గారికి తెలీదు, టేపుకీ తెలీదు.

మొదటి రోజు నేను గీసింది ఏడాదికి ఆరంగుళాలు కాదు. ఏడాదికి ఒక అడుగు. సుద్దతో గీశాను. వరండా ఎనభై అడుగులుంది, హాయిగా సరిపోయింది. మీకు పదకొండు అంగుళాలు వచ్చింది. పిల్లల్ని పిలిచి గెంతమన్నాను. మొదట వచ్చిన పిల్ల ఆరులోంచి మీ గడిలోకి దూకి, రెండు కాళ్ళూ ఆనించి, నడుం మీద చెయ్యేసుకుని ఆయాసం తీర్చుకుంది. వెనకవాడూ అక్కడే ఆగాడు. ఆ వెనకదీ అంతే. చిన్న గడి, నడిమధ్యలో ఉంది, కాసేపు ఆగడానికి వీలుగా ఉందట. ఎవరూ చెప్పకుండానే అదొక అలవాటైపోయింది ఒక్క పూటలో.

అందరూ మీ దగ్గర ఆగుతున్నారు సార్. మా నాన్న దగ్గర ఎవరూ ఆగకుండా చేసిన మనిషి దగ్గర.

పిల్లలు వెళ్ళగానే బకెట్టు తెచ్చి మొత్తం కడిగేశాను. మర్నాడు ఏడాదికి ఆరంగుళాలు అని గీశాను, ఈసారి రంగుతో. ఎందుకు తగ్గించావని డైరెక్టరు గారు అడిగితే, చెప్పులు విడవడానికి చోటు కావాలి కదండీ అన్నాను. ఆయన మెచ్చుకున్నారు.

ఒక్క మీ కోసం మిగతా పదకొండు మందినీ సగానికి కోసేశాను. వాళ్ళు నాకేం చేశారు పాపం. మొదటాయన మా ఊరికి మంచినీళ్ళు తెచ్చిన మనిషి. అబద్ధం మాత్రం ఎక్కడా ఆడలేదు. ఎవరు టేపు పెట్టి కొలుచుకున్నా న్యాయంగానే ఉంటుంది. అదే నా గొప్ప అనుకునేదాన్ని.

పంతొమ్మిదేళ్ళు ఆ వరండాలో స్టూలేసుకుని కూర్చుని, పిల్లలు ఆరు నుంచి ఎనిమిదికి దూకుతుంటే చూశాను. దూకిన ప్రతిసారీ నా కడుపు చల్లగా ఉండేది. దాచడమెందుకు.

కానీ ఆ పిల్ల మోకాలు నా లెక్కలో లేదు సార్. కోతలరాణి అన్న పేరు నా లెక్కలో లేదు. అది నిజం చెప్పి దెబ్బలు తింది, నేను అబద్ధం చెప్పకుండా తినిపించాను. మీ మీద కోపం ఇంకా ఉంది, అది ఎక్కడికీ పోలేదు. ఇది మాత్రం దాని పక్కన వచ్చి కూర్చుంది.

ఎవరది? రామ్మా, రా. పదోసారి కూడా అవుటయ్యావా? అయితే ఇలా వచ్చి కూర్చో. సార్, మీరు కాస్త జరగండి, ఆ బల్ల దగ్గర కూర్చుంటుందట. సంతకాల ఆట ఆడతావా? ఆడు. గోడ మీద రూలు చదివావా? గట్టిగా చదవక్కర్లేదు, నాకు వచ్చు.

రాసుకో. నెమ్మదిగా రాసుకో, సిరా కారుతుంది.

చూడకండి సార్, రాస్తుంటే తొంగి చూడకూడదు. మీరు ఇక్కడ ఉత్త తాతే.

అయిందా. ఇప్పుడు ఎవరికి ఇబ్బందో ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టాలి. ముత్తాతనా? కాదా? మరెవర్ని?

నన్నా.

నన్నెందుకమ్మా? ఆ. రంగు వెయ్యాల్సింది నేను కాబట్టి. నిజమే, అంతకంటే ఇంకెవరికి ఇబ్బంది. సరే, ఇదిగో కూర్చున్నాను. చదువు.

'ఏడో గడి కాలు పట్టేంత చెయ్యాలి. ఎందుకంటే ఆయన ఉన్నాడు.'

బాగా రాశావు. ఒక్క తప్పు లేదు. ఊ, ఇంకా ఏదో అడగాలి కదా, రూలు ఉంది కదా. అడుగు.

ఇబ్బందా అంటే...

ఉందమ్మా. కొంచెం ఉంది. ఫరవాలేదు, నువ్వు సంతకం పెట్టెయ్.

ఏం, పెట్టవా? కలం ఎందుకు ఆపావు?

చూశారా సార్. కలం ఆపింది. 'ఏం ఇబ్బంది అత్తా' అని అడుగుతోంది. ఇబ్బంది ఉందంటే, ఏమిటో తెలుసుకోకుండా సంతకం పెట్టకూడదట. రూలు రాసింది నువ్వే కదా అంటోంది.

నన్ను అటు తిరగనివ్వండి ఒక్క క్షణం. కంట్లో ఏదో పడింది, ఈ గదిలో దుమ్మెక్కువ. నేనే తుడుస్తాను, నేనే చెప్తున్నాను.

ఏం లేదమ్మా, నడుం నొప్పి. వంగి గీయాలి కదా, అదీ ఇబ్బంది. అంతకంటే ఏం లేదు. నువ్వు అడిగావు, నేను చెప్పాను, సరిపోయింది. ఇప్పుడు పెట్టు. నీ పేరు పూర్తిగా రాయి. ఊదు, ఆరాలి. ఇక వెళ్ళి వరండాలో వాళ్ళందర్నీ గోడవారకి జరగమను, గడులత్త బకెట్టు తెస్తోందని చెప్పు.

వెళ్ళింది.

లెక్కపెట్టాను సార్. చదవడానికీ, అడగడానికీ, నేను చెప్పడానికీ కలిపి అర నిమిషం పట్టింది. నలభై ఒక్క స్టేషన్లనీ అలా అడిగినా ఇరవై నిమిషాలు. మీకు పదకొండు నెలలున్నాయి.

మీకు గుర్తు లేదు, నేను మర్చిపోలేను, ఇద్దరం ఇలాగే పోతాం.

ఇదిగో మీ కర్ర. లేవండి, నా చెయ్యి పట్టుకోండి. టేపు ఆ కొస మీరు పట్టుకోవాలి, నాకు ఇంకెవరూ సాయం లేరు. మొత్తం పద్నాలుగు గడుల రంగూ గీకి కడిగి, ఏడాదికి అడుగు లెక్కన మళ్ళీ గీయాలి. రేపు ఆదివారం, ఆరుతుంది.

చీటీ ఎందుకింక. సోమవారం క్లాసు వస్తుంది. ఆరులోంచి దూకి మీ గడిలో ఆగుతారు, నడుం మీద చెయ్యేసుకుని. ఇదెవరిది గడులత్తా అని అడుగుతారు. చెప్తాను. మీ పదకొండు నెలలూ చెప్తాను, నలభై ఒక్క స్టేషన్లూ పేరు పేరునా చెప్తాను, ఆగి ఉన్నంతసేపూ వింటారు.

మీది పదకొండు అంగుళాలు. పన్నెండు మాత్రం అడక్కండి.